మింగుడుపడని ముక్క

తేజ రకం మిరపకాయకి మొహమాటం తెలీదు. తొడిమ తీసేది ఎవరైనా సరే, ముక్కులోకి దూరి పలకరించి, కంట్లోంచి బయటికొస్తుంది. గుంటూరు రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ వెనకున్న ఆ రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు గోతాలు పరుచుకుని కూర్చుంటారు. పొద్దున ఎనిమిదింటికల్లా నలభై ముక్కులు తుమ్ముతాయి, డెబ్భై ఎనిమిది కళ్ళు కారతాయి. కారం అందరిదీ. అధికారం మాత్రం మేస్త్రి చెంచురామయ్యది. లెక్కలో తగ్గిన ఆ రెండు కళ్ళూ సంతోషకుమారివి. అవి కారానికి కారని కళ్ళు.

ఆ కళ్ళు చూసుకునే చెంచురామయ్య ఆమెని జల్లెడ మిషన్ ముందు కూర్చోబెట్టాడు. మిషన్ కాయల్ని కుదిపి కుదిపి దుమ్మునీ గింజల్నీ కిందికి రాలుస్తుంది. పక్కనున్న పెద్ద ఫ్యాను ఆ ఎర్రదుమ్మంతా మొహం మీదికి కొడుతుంది. ఎదురుగా కూర్చుని, రంగు వెలిసిన తాలుకాయల్ని ఏరి పక్కకి వెయ్యాలి. మిగతావాళ్ళు అక్కడ గంట కూర్చుంటే రెండు గంటలు కొళాయి దగ్గర మొహం కడుక్కుంటారు. సంతోషకుమారి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటుంది.

కోల్డ్ స్టోరేజీ నుంచి ఎవరొచ్చినా చెంచురామయ్య ఆమెని చూపించేవాడు. "మా సంతోషమ్మవి కళ్ళు కాదండీ, కంచు గోళీలు. దేవుడు ఈ మిషన్ కోసమే చేసి పంపాడు."

ఆమె మాట్లాడదు. మాట్లాడాలంటే పక్కనున్న లీటరు సీసా ఎత్తి నాలుక తడుపుకోవాలి. పది నిమిషాలకోసారి ఆ సీసా లేస్తుంది, దిగుతుంది. షెడ్డులో ఆమె పేరు సీసా సంతోషం.

ఆ బుధవారం మధ్యాహ్నం అన్నాలకి లేచారు. సంతోషకుమారి గిన్నెలో అన్నం మజ్జిగలో ఈదుతోంది. మెతుకు మెతుక్కీ తడి తగలకపోతే దిగదు. పక్కన గోతం మీద మౌలాబీ రొట్టెలూ గోంగూర పచ్చడీ విప్పింది. పదకొండేళ్ళుగా ఇద్దరివీ పక్కపక్క గోతాలు.

"శనివారం పిలిచారంటగా చర్చి పెద్దలు" అంది మౌలాబీ.

"ఊఁ."

"ఏమడుగుతారు?"

"రొట్టె నోట్లోంచి ఎందుకు తీశావనడుగుతారు."

"ఎందుకు తీశావే?"

"నువ్వూ సంఘపెద్దవైపోయావా?"

"అడగాలిగా మరి. ఆ ముక్క నాకు తెచ్చిచ్చావంట. నేను మా కౌలు చేలో పాతానంట. అందుకే మా మూడెకరాలకీ తామరపురుగు తగల్లేదంట."

"తగిలిందిగా."

"తగిలింది. ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు కూడా రాలా. చెప్పేవాళ్ళకి ఆ సంగతి అక్కర్లేదు."

సంతోషకుమారి మజ్జిగ తాగింది. కిందటి నెల మొదటి ఆదివారం, చర్చిలో బల్ల ఇచ్చే రోజున, అంటే ప్రభువు పేరిట రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజున, పాస్టరు గారింట్లో కాల్చిన పులియని రొట్టె వేలిగోరంత ముక్క ఆమె నాలుక మీద పడింది. అది అక్కణ్ణుంచి కదల్లేదు. అంగిలికి అతుక్కుంది, గొంతుకి అడ్డం పడింది, ఊపిరాడనివ్వలేదు. ఎవరూ చూడరనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముక్క తీసి ముడేసింది. ఇంటికెళ్ళి గ్లాసు నీళ్ళలో నానేసి, మోకాళ్ళ మీద కూర్చుని తాగింది. తాగడం ఎవరూ చూడలేదు. తియ్యడం మాత్రం పక్కనున్న మహిమ చూసింది. అప్పటికి ప్రేమదాసు పోయి మూడు వారాలు. మొగుడి పెట్టె గోతిలోకి దించుతుంటే కంట చుక్క రాల్చని ఆడది, ఇప్పుడు ప్రభువు రొట్టెని కొంగున కట్టుకుపోయింది. రెండూ కలిపి చూస్తే ఊరికి ఒకటే అర్థం దొరికింది, చేతబడి.

విచారణ అయ్యేదాకా బల్లకి రావద్దన్నారు. శనివారం తేలకపోతే సంఘం పుస్తకంలో పేరు కొట్టేస్తారు. పేరు లేనివాళ్ళకి సమాధుల దొడ్లో చోటుండదు. ప్రేమదాసు పక్కన గోడవారగా ఆరడుగుల నేల ఖాళీగా ఉంది. "అది నీదే, తొందరపడి రాబాక" అని, ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా నవ్వించాడు ఆ మనిషి.

"ఇటు తిరుగు" అంది మౌలాబీ. గడ్డం పట్టుకుని ఆమె మొహాన్ని వెలుగులోకి తిప్పింది. "కంట్లో ఆ ఎరుపేంటే. రాత్రంతా ఏడ్చావా?"

"ఏడవగలిగితే ఈ గొడవంతా ఎందుకు?"

"మంటా?"

"మంట కాదు. ఇసక. పొద్దున రెప్పలు వేళ్ళతో విప్పుకోవాలి."

మౌలాబీ రొట్టె మడిచి డబ్బాలో పెట్టేసింది. "రేపు గుంటూరు పోదాం."

"రేపు లోడు పంపాలన్నాడు."

"చెంచురామయ్య తన కళ్ళు నీకు పెడతాడా? పోదాం."

*

పెద్దాసుపత్రిలో కంటి విభాగం ముందు బల్లల మీద చోటు దొరికేసరికి పదకొండయింది. లోపల డాక్టరమ్మ శ్రీరమ్య సన్నగా, కళ్ళజోడు కింద నల్లచారలతో, తనకే ఒక డాక్టరు కావాల్సినట్టు ఉంది. సంతోషకుమారి రెండు కళ్ళలో పసుప్పచ్చ మందు వేసి, నీలం దీపం ముందు గడ్డం ఆనించమంది. చూసింది. మళ్ళీ చూసింది. కుర్చీ వెనక్కి జరిపి అడిగింది.

"ఏం పని చేస్తారు?"

"మిరపకాయల షెడ్డులోనండి. జల్లెడ దగ్గర."

"ఎన్నాళ్ళనుంచి?"

"జల్లెడ దగ్గర నాలుగు సీజన్లు. నా కళ్ళకి ఘాటు తగలదని..."

"తగలదని ఎవరు చెప్పారు?"

సంతోషకుమారి ఆలోచించింది. "మేస్త్రి."

డాక్టరమ్మ సొరుగులోంచి ఒక కాగితం పొట్లం తీసింది. అందులో బస్సు టిక్కెట్టుని నిలువునా చీల్చినంత సన్నటి తెల్లటి పట్టీలు. చివర కొద్దిగా మడిచి, ఒక్కో కింది రెప్పకి ఒక్కోటి తగిలించింది. "ఐదు నిమిషాలు. కళ్ళు మూసుకోండి. మాట్లాడొద్దు."

"మాట్లాడమన్నా మాట్లాడదండి" అంది మౌలాబీ. "నాకూ ఒకటి పెట్టండి మేడమ్. ఇద్దరిదీ ఒకటే షెడ్డు. ఒకటే గాలి."

డాక్టరమ్మ నవ్వబోయి, ఎందుకనో నిజంగానే పెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు రెప్పలకి కాగితాలు వేలాడేసుకుని, టులెట్ బోర్డులు కట్టిన ఇళ్ళలాగా గోడకి ఆనుకుని కూర్చున్నారు. రెండు నిమిషాలు కాకముందే మౌలాబీ కాగితం చివరిదాకా తడిసి చెంపకి అతుక్కుంది. ఐదు నిమిషాలకి డాక్టరమ్మ సంతోషకుమారి పట్టీలు తీసి స్కేలు మీద పెట్టింది. ఒక పట్టీ రెండు గీతల దాకా తడిసింది. రెండోది ఒక్క గీత.

"పది దాటాలి" అంది.

తర్వాత టీ కప్పు పక్కనున్న పొట్లంలోంచి బిస్కెట్టు తీసి చేతికిచ్చింది. "ఇది నీళ్ళు ముట్టుకోకుండా తినండి."

సంతోషకుమారి కొరికింది. నమిలింది. బిస్కెట్టు పొడయింది, పొడి ముద్దయింది, ముద్ద సున్నంలా అంగిలికి పట్టింది. చెయ్యి సీసా కోసం వెతికింది. సీసా డాక్టరమ్మ బల్లకి అవతల ఉంది. మెడ నరాలు లేచాయి. చెయ్యి దానంతటదే కొంగు అందుకుంది. ముద్ద కొంగులోకి తీసి ముడెయ్యబోయి ఆగింది.

ముగ్గురూ ఆ కొంగు వంక చూశారు.

"ఇంతే మేడమ్" అంది సంతోషకుమారి, నీళ్ళు తాగాక. "చర్చిలో కూడా ఇంతే చేశాను."

డాక్టరమ్మ మందుల చీటీ వెనక ఒక మొహం గీసింది. కంటిపైన బయటి మూల బాదంగింజంత గుండ్రం గీసింది. కన్నీళ్ళూరే గ్రంథి అది. చెవుల ముందు రెండు, దవడ కింద రెండు, నాలుక కింద రెండు గీసింది. నోట్లో ఉమ్మి ఊరే గ్రంథులు. ఒంట్లోకొచ్చిన రోగాల మీద పడాల్సిన కణాలు దారి తప్పి, ఈ గ్రంథుల మీదే పడి, ఊటబావిని పూడ్చినట్టు పూడుస్తున్నాయంది. షోగ్రెన్స్ అని ఒక పేరు చెప్పింది. రక్తపరీక్ష రాసింది. కీళ్ళనొప్పులున్నాయా అని అడిగి, కీళ్ళ డాక్టరుకి ఇంకో చీటీ రాసింది.

"మన ఒంట్లోవే మనమీద పడటమేంటి మేడమ్" అంది మౌలాబీ. "ఏం కోపం?"

"కోపం కాదు. గుర్తుపట్టలేక."

"మా ఊరోళ్ళ బాపతే."

"పూర్తిగా పోతుందాండి?" అంది సంతోషకుమారి.

"పోదు. అదుపులో పెట్టొచ్చు. ఈ చుక్కల మందు రెండు గంటలకోసారి, మర్చిపోకుండా. షెడ్డు మానెయ్యాలి. నల్లగుడ్డు మీద గీతలు పడ్డాయి. అందరికీ ఘాటు కన్నీళ్ళతో బయటికి కొట్టుకుపోతుంది. మీకు లోపలే కూర్చుంటుంది. ఇలాగే ఇంకో సీజన్ చేస్తే చూపు పోతుంది." రాస్తూ రాస్తూ తలెత్తింది. "ఎన్నాళ్ళయింది ఏడ్చి?"

"రోజూ ఏడుస్తానండి" అంది సంతోషకుమారి. "రాదు."



వచ్చేముందు మౌలాబీ బల్ల మీదికి వంగింది. "చర్చి పెద్దలకి ఒక ముక్క రాసివ్వండి మేడమ్. ఈమెకి రొట్టె ఎందుకు దిగలేదో."

అటువంటి సర్టిఫికెట్టు డాక్టరమ్మ ఎప్పుడూ రాయలేదు. అయినా రాసింది. ముద్ర వేసింది. మౌలాబీ అడిగితే ఆ పట్టీలు కూడా కవర్లో పెట్టి ఇచ్చింది.

*

శుక్రవారం సంతోషకుమారి జల్లెడ ముందు కూర్చోలేదు. చివర తలుపు దగ్గర గోతం పరుచుకుని, కళ్ళకి పాత చున్నీ కట్టుకుని, చేత్తో తడిమి తొడిమలు తియ్యడం మొదలుపెట్టింది. చెంచురామయ్య వచ్చి నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఏమ్మాయ్, దాగుడుమూతలా?"

ఆమె చీటీ చూపించింది. అతను చదవలేదు. చదువు రాక కాదు, కళ్ళజోడు తీసి పెట్టుకోవడం ఇష్టంలేక.

"నాలుగు సీజన్లు లేని జబ్బు నిన్నొక్క పూటలో వచ్చిందా?"

"నాలుగు సీజన్లూ ఉందంట."

"నీ కళ్ళు నమ్ముకుని ఫ్యాను పెద్దది బిగించాను. ఇప్పుడు అక్కడెవరు కూర్చుంటారు?"

షెడ్డులో తుమ్ములు కూడా ఆగాయి. మౌలాబీ గోతం మీంచి లేవబోయింది. సంతోషకుమారి మోకాలి మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"తొడిమలు తీస్తాను. అందరితో పాటు."

"గంతలు కట్టుకుని తీస్తే తొడిమతో పాటు కాయ కూడా విరుస్తావు. ఎగుమతి సరుకమ్మా ఇది." చెంచురామయ్య గొంతు తగ్గించాడు. మనిషి చెడ్డవాడు కాదు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. నవ్వుతూనే అన్నాడు. "ఇంటికెళ్ళు. అందరిలాగా కన్నీళ్ళొచ్చిన రోజున రా. చోటిస్తాను."

ఆమె గోతం దులిపి మడిచింది. మడతలో ఇరుక్కున్న నాలుగు కాయలు తీసి కుప్పలో వేసింది. సీసా చంకన పెట్టుకుని బయటికి నడిచింది. వెనక మిషన్ ముందుకి ఎవర్నో తోశారు. ఆ మనిషి తుమ్ములు రోడ్డు దాకా వినిపించాయి.

శనివారం సాయంత్రం చర్చి పక్కగదిలో ఐదు కుర్చీలు. మధ్యలో పాస్టరు ప్రకాష్ గారు, అటూ ఇటూ పెద్దలు. కుడివైపు చివర ఇమ్మానియేలు, ప్రేమదాసుకి అన్న, సంతోషకుమారికి బావగారు. ముప్ఫై నాలుగేళ్ళు హెడ్‌మాస్టరు చేసి రిటైరైన మనిషి. తలుపు దగ్గర సాక్షిగా మహిమ నిలబడింది. మౌలాబీని వరండాలో ఆపేశారు.

డాక్టరమ్మ ఉత్తరం ఇమ్మానియేలు పైకి చదివాడు. ఇంగ్లీషు చదివి తెలుగు చెప్పాడు. తప్పు చెప్పలేదు. గ్రంథి దగ్గర కూడా తడుముకోలేదు. చదివి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద పెట్టాడు.

"ముప్ఫై నాలుగేళ్ళు సెలవు చీటీలు చదివాను అయ్యగారూ. అమ్మమ్మ ఒకే ఏడాది మూడుసార్లు పోయిన పిల్లలున్నారు. డాక్టరు సంతకాలతో సహా. కాగితానిదేముంది, ఏం రాయమంటే అది రాయించుకుంటుంది."

"కాదు బావగారూ. పరీక్ష చేశారు." సంతోషకుమారి కవరు విప్పి పట్టీలు బల్ల మీద పెట్టింది. "ఇది నా కంట్లో పెట్టింది. తడవలేదు. ఇది మౌలాబీది. మొత్తం తడిసింది."

ఐదుగురూ వంగారు. రెండు రోజుల కవర్లో, గుంటూరు ఎండలో, మౌలాబీ కన్నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి. రెండు తెల్లకాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఇమ్మానియేలు చూపుడువేలితో ఒకదాన్ని అటు జరిపాడు, ఇంకోదాన్ని ఇటు జరిపాడు.

"రెండూ ఒకటే కదమ్మాయ్."

ఆమె పట్టీలు ఏరి కవర్లో పెట్టుకుంది.

"నేనడిగేది ఒకటే" అన్నాడు ఇమ్మానియేలు. కాగితం చదివినప్పటి గొంతు కాదది. "గోతిలో మట్టి పడుతుంటే నేను నీ మొహమే చూశాను. వాడు నిన్ను పాతికేళ్ళు నవ్వించాడు. ఒక్క చుక్క. ఒక్కటి రాలితే చాలనుకున్నాను. రాలేదు. అలాంటి మనిషి నోట్లో రొట్టె నిలవలేదంటే నేను ఆశ్చర్యపోను."

పాస్టరు గారు గొంతు సవరించుకున్నాడు. "కాసేపు బయట కూర్చోమ్మా. మేం మాట్లాడుకుంటాం."

వరండాలో మౌలాబీ ఫోను చూస్తోంది. "ఐదయింది. మందు టైము."

"ఇప్పుడా?"

"రెండు గంటలకోసారంది. విచారణుంటే మానెయ్యమందా? ఎత్తు తల."

సంతోషకుమారికి ఆ చిన్న సీసా ఇంకా అలవాటు కాలేదు. ఒక చుక్క పడాల్సిన చోట మూడు పడ్డాయి. రెండో కంట్లో ఇంకా ఎక్కువ. చల్లగా, హాయిగా ఉంది. నాలుగు సీజన్ల ఇసక కదిలినట్టయింది. కళ్ళు మూసి ఉండగానే లోపల్నుంచి పిలిచారు.

లోపలికెళ్ళి నిలబడి కళ్ళు తెరిచింది.

నీళ్ళు జారాయి. కుడి చెంప మీద ఒక చార, ఎడమ చెంప మీద రెండు. గడ్డం కొసన చేరి చీర మీద పడ్డాయి. పాస్టరు గారు చెప్పబోతున్న మాట ఆగిపోయింది. పెద్దల్లో ఒకాయన కళ్ళజోడు తీశాడు. మహిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇమ్మానియేలు కుర్చీలోంచి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి రావడానికి డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు చాలాసేపు తీసుకున్నాయి. వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.  ఆయన ఏడుస్తున్నాడు.

"ఇన్నాళ్ళకి" అన్నాడు. "ఇన్నాళ్ళకి నా తమ్ముడి భార్యవయ్యావమ్మాయ్."

"ఈ కన్నీళ్ళు చాలు" అన్నాడు పాస్టరు గారు మెల్లిగా. "ఇంక కాగితాలెందుకు. రేపు బల్లకి రామ్మా."

సంతోషకుమారి నోరు తెరిచింది. నాలుక అంగిలికి అంటుకుని ఉంది. నీళ్ళ సీసా వరండాలో మౌలాబీ దగ్గరుంది. తల మీద ఆ ముసలి చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. ఏడు వారాల్లో ఆమెని ఎవరూ అలా ముట్టుకోలేదు. నోరు మూసుకుంది.

బయటికొచ్చాక మౌలాబీ చెప్పులేసుకుంటూ అడిగింది. "నమ్మారా కాగితాన్ని?"

"లేదు. సీసాని నమ్మారు."

మౌలాబీకి అర్థం కావడానికి నాలుగడుగులు పట్టింది. పగలబడి నవ్వింది. ఇంకో నాలుగడుగులు వేశాక సంతోషకుమారి మొహం చూసి ఆపేసింది.

*

ఆదివారం చర్చి నిండింది. ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో మహిమ తన పక్కన చోటు ఉంచి, కొంగుతో బల్ల దులిపి పిలిచింది. పాటల పుస్తకం తెరిచి మధ్యలో పట్టుకుంది. ప్రసంగం అయ్యేసరికి గంటన్నర దాటింది. సంతోషకుమారి కళ్ళలో ఇసక మళ్ళీ చేరింది. ఒళ్ళో చేతిసంచి, సంచిలో పెద్ద సీసా, చిన్న సీసా.

రాత్రి ఒక లెక్క వేసుకుంది. నెలకో మొదటి ఆదివారం. బల్లకి ముందు చర్చి వెనక్కెళ్ళి చుక్కలేసుకోవాలి. లోపలికొచ్చి ఏడవాలి. బతికినన్నాళ్ళూ అలా ఏడిస్తే, ప్రేమదాసు పక్కన ఆరడుగులూ ఉంటాయి. నడవలేని దారి కాదు.

పాస్టరు గారు రొట్టె విరిచాడు. పళ్ళెం వరసలంట వచ్చింది. వేలిగోరంత ముక్క. నాలుక మీద పెట్టుకుంది. అందరి దవడలూ రెండుసార్లు ఆడి ఆగాయి. ఆమె దవడ ఆడుతూనే ఉంది. ముక్క పొడయింది. పొడి అంగిలికి పట్టింది. ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్ళేన్ని ఇమ్మానియేలు రెండు చేతులా పట్టుకుని మొదటి వరసలో మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతున్నాడు. నాలుగో వరస చాలా దూరం.

మహిమ ఆమె వైపు వంగింది. చెవి దగ్గర, ఎంతో ప్రేమగా అంది. "ఎంత దాచుకున్నావే ఇన్నాళ్ళూ. నిన్న ఏడ్చాక గుండె తేలికపడిందా? మీ ఆయనెక్కడున్నా చూసే ఉంటాడు."

సంతోషకుమారి దవడ ఆగింది.

ప్రేమదాసు చూసే ఉంటాడు. ఆసుపత్రి మంచం దగ్గర నలభై రాత్రులు తను తలగడలో మొహం దాచుకుని, పొడి కళ్ళు రుద్దుకుంటూ, గొంతులోంచి గాలి మాత్రం వస్తుంటే, ఆ చప్పుడు విని "ఏడవబాకే" అన్న మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే. ఆ ఏడుపు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నిన్నటి సీసా నీళ్ళకి బావగారు లేచి నడిచొచ్చాడు.

సంచి జిప్పు తీసింది. ప్రార్థన మధ్య నిశ్శబ్దంలో ఆ చప్పుడుకి ముందు వరస తిరిగి చూసింది. పెద్ద సీసా తీసి మూత తిప్పి, తలెత్తి, మూడు గుక్కలు తాగింది. గొంతు కదిలింది. రొట్టె దిగింది. ప్రేమదాసు పోయాక చర్చిలో కూర్చుని ఆమె గొంతు దాటిన ముక్క, ఇదే మొదటిది.

తర్వాత చిన్న సీసా తీసింది. తొందరపడలేదు. ఎడమచేత్తో రెప్ప లాగి, కుడి కంట్లో ఒక చుక్క. రెండో కంట్లో ఒకటి. తల దించింది. ఎక్కువైంది రెండు చెంపల మీదా జారింది, నిన్నటిలాగే.

"ఏంటవి?" అంది మహిమ.

"కన్నీళ్ళు. గుంటూర్లో డాక్టరమ్మ రాసిచ్చింది."

మహిమ ఆ సీసా వంక చూసింది. చెంపల వంక చూసింది. "నిన్నటివి?"

"ఇవే."

మాట ఆడవాళ్ళ వరసలో ఒక తల నుంచి ఇంకో తలకి, అక్కణ్ణుంచి నడవ దాటి మగవాళ్ళ వైపుకి పోయింది. పాస్టరు గారు పుస్తకంలోంచి తలెత్తి మళ్ళీ దించాడు. ఇమ్మానియేలు మూడో వరసలో ఉన్నాడు. విన్నాడు.  పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి.

నాలుగో వరసకి వచ్చాడు. సంతోషకుమారి ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. మందు పడిన కళ్ళకి చూపు తేటగా ఉంది. బావగారి గడ్డం కింద గీసుకోకుండా మిగిలిన తెల్లవెంట్రుకలు కూడా కనిపించాయి. ఆ గడ్డం అచ్చం ప్రేమదాసుదే.

"నిన్న చెప్పలేదేం?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా.

"నిన్న మీ చెయ్యి నా తల మీద ఉంది బావగారూ."

  పళ్ళెం ఆమె ముందు ఇంకాసేపు నిలిచి, ఆమెని దాటి, మహిమ ముందుకి వెళ్ళింది. మహిమ గ్లాసు తీసుకుంది. పళ్ళెం ముందుకి పోయింది.

సంతోషకుమారి పెద్ద సీసాకి మూత బిగించింది. చిన్న సీసాకి మూత బిగించింది. రెండూ సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, లేవకుండా అక్కడే కూర్చుంది. అందరూ తాగారు. పక్కన మహిమ చేతిలో గ్లాసు మాత్రం అలాగే, నిండుగా ఉంది.